మా ఆవిడ కుట్టు మిషను: నాలుగు నెలల ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు 7, 2025

హాల్లో కిటికీ కింద ఉన్న కుట్టు మిషను మీద నుంచి ఈ రోజు దుప్పటి తీశాను. రెండేళ్ళ రెండు నెలలుగా దాని మీద పేపర్లు, కరెంటు బిల్లులు, నా బీపీ మాత్రల డబ్బా పేరుకుపోయాయి. మా ఆవిడ ఉన్న రోజుల్లో దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టినా ఊరుకునేది కాదు.

నిన్న అమ్మాయి బెంగళూరు నుంచి ఫోను చేసింది. "నాన్నా, అమ్మ కుట్టిన లంగా దీనికి ఇంక సరిపోవట్లేదు. రెండో మడత కూడా విప్పేశాను" అంది. ఆడపిల్లల లంగాలకు అంచు పైన లోపలికి మడతలు వేసి కుట్టడం మా ఆవిడ పద్ధతి. పిల్ల పొడుగయ్యేకొద్దీ ఒక్కో మడత విప్పుకుంటూ పోవచ్చు. మనవరాలికి నాలుగో ఏట కుట్టిన లంగా అది. ఇప్పుడు దానికి ఆరు నిండాయి.

ఫోను పెట్టేశాక చాలాసేపు మిషను వైపే చూస్తూ కూర్చున్నాను. సంక్రాంతికి వాళ్ళు రాజమండ్రి వస్తారు. నాలుగు నెలల టైముంది. మిషను బాగుచెయ్యాలి, కుట్టడం నేర్చుకోవాలి, ఒక లంగా కుట్టాలి. ముప్ఫై మూడేళ్ళు ధవళేశ్వరంలో ఇరిగేషన్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. గీత తిన్నగా గీయడం వచ్చు, కొలత తప్పకుండా వెయ్యడం వచ్చు. మిగతాది నేర్చుకుంటాను.

సెప్టెంబరు 9

మిషను పరిస్థితి రాసుకుంటున్నాను. పక్కనున్న చక్రం చేత్తో తిప్పితే పావు వంతు తిరిగి బిగుసుకుపోతోంది. కింది తోలు బెల్టు ఎండి కర్రలా అయిపోయింది. పెడలు మాత్రం కదులుతోంది. సూది విరగలేదు.

చక్రం బిగుసుకోవడానికి కారణం నేనే. నిరుడు ఒకసారి దుమ్ము దులుపుతూ కిర్రుమంటోందని కొబ్బరినూనె వేశాను. కొబ్బరినూనె ఆరితే జిగురవుతుంది. మిషనుకు మిషను నూనే వెయ్యాలి. అది పల్చగా ఉంటుంది, గడ్డకట్టదు. నూనె సీసా సొరుగులోనే ఉంది. నేను సొరుగు తెరిచి చూడలేదు.

ఈ రోజు తెరిచాను. పాత అమృతాంజనం సీసాల్లో హుక్కులు, గుండీలు, కాజా బ్లేడు. సగం అరిగిన రంగు సుద్దలు మూడు. ఒక టేపు, దాని మొదటి అంగుళం చిరిగిపోయి ఉంది. మా ఆవిడ ఒకటి దగ్గర నుంచి కొలిచి, చివర్లో ఒకటి తీసేసేది. కొత్త టేపు కొనుక్కోమని ఎన్నిసార్లన్నా ఇదే అలవాటైపోయింది అనేది. టేపు కింద కొలతల పుస్తకం. వీధిలో వాళ్ళందరి కొలతలూ అందులో ఉన్నాయి. నడుము, ఛాతీ, చెయ్యి పొడుగు, పక్కనే చిన్న అక్షరాలతో "మెడ వెడల్పు వద్దంది", "ఎడమ భుజం కాస్త దిగువ", "పెళ్ళి కూతురు, తొందర."

సొరుగు అడుగున న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. లోపల ఆకుపచ్చ జాకెట్టు, సగం కుట్టినది. భుజాలు కలిపి, చేతులు అతికించి ఉంది. పక్క కుట్లు, హుక్కులు మిగిలాయి. పేపరు మీద పక్కింటి ఆవిడ పేరు రాసి ఉంది.

పొట్లం మళ్ళీ చుట్టి అక్కడే పెట్టేశాను. రాత్రి వంట చెయ్యలేదు. పెరుగు, అటుకులు తిన్నాను.

సెప్టెంబరు 14

మిషను మెకానిక్ ఒకాయన దొరికాడు. డెబ్భై దాటిన మనిషి. ఇంటికి రాలేనన్నాడు గానీ దుకాణం ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి డీజిల్ వాడమన్నాడు. "ఇనుము ఇనుముతో ఎక్కడ రాసుకుంటుందో అక్కడల్లా ఒక్క చుక్క వెయ్యండి మాస్టారూ. డీజిల్ వేసి రాత్రంతా వదిలెయ్యండి. బలం మాత్రం ఉపయోగించకండి."

మూడు రోజులు అలాగే చేశాను. రోజుకు రెండుసార్లు డీజిల్, పాత బనీను గుడ్డతో తుడవడం, చక్రం కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు. గుడ్డకు అంటిన జిగురు మొదట నల్లగా వచ్చింది, తరవాత గోధుమ రంగులో, మూడో రోజు తేనె రంగులో. ఈ ఉదయం కాఫీకి డికాషన్ దిగుతుండగా ఒకసారి తిప్పి చూశాను. చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. సూది కిందికి దిగి పైకి వచ్చింది. ఆ కాఫీ ఎంత బాగుందో చెప్పలేను.

సూది కింద ఉండే స్టీలు పలక రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. అది విప్పితే బట్టను వెనక్కి తోసే పళ్ళు కనిపిస్తాయి. ఆ పళ్ళ మధ్య దారపు నూగు కూరుకుపోయి, నొక్కి పెట్టిన దూదిలా గట్టిపడింది. చిన్న స్క్రూ డ్రైవరుతో అంచు లేపితే మొత్తం ఒక్క ముక్కగా వచ్చింది. వెలుతురులో పెట్టి చూశాను. అన్నిటికన్నా కింద నల్లగా, ఆ పైన ఎర్ర చార, తరవాత సన్నగా పసుపు, మళ్ళీ తెలుపు, అన్నిటి పైనా పల్చటి ఆకుపచ్చ. గోదావరి గట్టు తెగిన చోట మట్టి పొరలు ఇలాగే కనిపిస్తాయి. మా ఆవిడ ఆఖరుగా పట్టుకున్న పని ఆ ఆకుపచ్చ జాకెట్టే అన్నమాట.

ఆ నూగు ముక్క పారెయ్యలేదు. ఖాళీ అమృతాంజనం సీసాలో వేసి మూత పెట్టాను.

సెప్టెంబరు 20

బెల్టు, దారాలు, సూదుల ప్యాకెట్ కొన్నాను. తాడితోట గాంధీ క్లాత్ మార్కెట్‌కు నేను మా ఆవిడతో వందసార్లు వెళ్ళి ఉంటాను, కానీ ఎప్పుడూ దుకాణం బయటే నిలబడేవాణ్ణి. లోపలికి వెళ్ళి బట్ట ముట్టుకుని చూడడం ఇదే మొదటిసారి. ప్రాక్టీసుకు మూడు మీటర్ల తెల్ల గాడా బట్ట తీసుకున్నాను. వచ్చేటప్పుడు ఆగి రోజ్ మిల్క్ తాగాను. ఆ పాల మీద మీగడ తరక పెదవికి తగిలినప్పుడు, మా ఆవిడ గ్లాసులో సగం నాకు పోసేసేదన్న సంగతి గుర్తొచ్చింది. ఈ రోజు గ్లాసంతా నేనే తాగాను. బాగుంది.

బెల్టు బిగించడం గంట పని. కింది పెద్ద చక్రం నుంచి పైదాకా తోలు బెల్టు చుట్టి, పొడుగు చూసి కోసి, రెండు కొసలకూ బెజ్జం పెట్టి తీగ క్లిప్పు వెయ్యాలి. మరీ బిగువైతే కాలు నొప్పి, వదులైతే చక్రం జారుతుంది. కొత్త తోలు నెల రోజుల్లో సాగుతుందట. అప్పుడు అర అంగుళం కోసి మళ్ళీ క్లిప్పు వేసుకోమన్నాడు మెకానిక్.

సెప్టెంబరు 26

వారం రోజులుగా కాళ్ళకు పాఠం. పెడలు తొక్కడం సైకిలు లాంటిది కాదు. మడమ, వేళ్ళు ఒకదాని తరవాత ఒకటి నొక్కాలి, లయ తప్పకూడదు. పై చక్రం మన వైపుకు తిరగాలి. నేను తొక్కితే నాలుగుసార్లలో మూడుసార్లు వెనక్కి తిరుగుతోంది. దారం ఉండి ఉంటే ప్రతిసారీ చిక్కుపడేది.

అందుకే దారం లేకుండా కాగితం మీద మొదలుపెట్టాను. గీతల కాగితం మిషను పాదం (సూది దగ్గర బట్టను నొక్కి పట్టేది) కింద పెట్టి, సూది బెజ్జాలు సరిగ్గా గీత మీద పడేలా తొక్కడం. తిన్న గీత వచ్చాక మూల తిప్పడం: సూదిని కిందికి దించి, పాదం ఎత్తి, కాగితం తిప్పి, మళ్ళీ పాదం దించాలి. ఆ తరవాత వంపులు. డ్రాయింగ్ బోర్డు మీద ఫ్రెంచ్ కర్వ్ పెట్టి గీసిన వంపులు నా కళ్ళకు తెలుసు, కాళ్ళకు తెలియదు. మొదటి రోజు ఇరవై కాగితాలు పాడయ్యాయి. ఈ రోజు ఆరింటిలో నాలుగు బాగా వచ్చాయి. దీపం ముందు పట్టుకుంటే బెజ్జాల్లోంచి వెలుతురు వరసగా కనిపిస్తుంది. మంచివి రెండు ఫైల్లో దాచాను.

మధ్యాహ్నం మిషను శబ్దం విని పక్కింటి ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు. కాసేపుండి వెళ్ళిపోయింది. సాయంత్రం గిన్నెలో పనసపొట్టు కూర పంపింది.

అక్టోబరు 2

ఈ ఏడు గాంధీ జయంతి, విజయదశమి ఒకే రోజు వచ్చాయి. నిన్న మహర్నవమి నాడు మిషనుకు పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాను. మా ఆవిడ ఆ రోజు మిషను తొక్కేది కాదు, ఎవరెంత తొందరపెట్టినా సరే. నేనూ తొక్కలేదు.

గాంధీగారు యంత్రాల్ని వద్దన్నారని అందరూ అంటారు. ఆయనే 1924లో, యంత్రాలన్నిటికీ మీరు వ్యతిరేకమా అని ఒక విద్యార్థి అడిగితే, కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్లు వేసుకుంటూ అవస్థ పడుతుంటే చూడలేక, ప్రేమ కొద్దీ సింగర్ ఆ యంత్రం చేశాడని ఆయన చెప్పారు. 1989లో మేం ఈ మిషను వాయిదాల మీద కొన్నప్పుడు నాకు ఈ మాట తెలియదు. తెలిసుంటే ఆవిడకు చెప్పేవాణ్ణి.

అక్టోబరు 8

దారంతో మొదటి కుట్టు. పైన బాగానే కనిపించింది. బట్ట తిప్పి చూస్తే కింద దారం అంతా ఉండలు ఉండలుగా, పిచ్చుక గూడులా ఉంది. కింది దారం చుట్టి ఉండే బాబిన్ విప్పి మళ్ళీ పెట్టాను, సూది మార్చాను, దారం బిగువు సరిచేసే టెన్షన్ స్క్రూ బిగించాను. ఎన్ని చేసినా అదే గూడు. రెండు రోజులు ఇదే గొడవ. నాకూ టెన్షన్ పెరిగిపోయింది.

చివరికి పక్కింటి ఆవిడను పిలిచాను. "పాదం దించి దారం ఎక్కించారా అన్నయ్యగారూ?" అని అడిగింది. అవును. పాదం దించి ఉన్నప్పుడు టెన్షన్ బిళ్ళలు రెండూ మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు వెళ్ళదు, పైపైన జారిపోతుంది. పాదం ఎత్తి ఎక్కిస్తే బిళ్ళలు తెరుచుకుని దారం లోపల కూర్చుంటుంది. కింద గూడు కడితే తప్పు పై దారంలో ఉంటుందని అప్పుడు అర్థమైంది. నేను రెండు రోజులూ కిందే వెతికాను.

బాబిన్ సంగతి కూడా చూపించింది. బాబిన్ కేసును దారంతో పట్టుకుని వేలాడదీసి, చెయ్యి చిన్నగా కుదిపితే కేసు రెండంగుళాలు జారి ఆగాలి. ఆగకుండా జారిపోతే వదులు, అసలు కదలకపోతే బిగువు. సూదికి ఒక వైపు పొడుగాటి గాడి ఉంటుంది, దారం ఎటు నుంచి ఎక్కిస్తామో గాడి అటే ఉండాలి. ఇవన్నీ తనకు మా ఆవిడే నేర్పిందట, ఇదే మిషను ముందు కూర్చోబెట్టి.

అప్పుడు పొట్లం తీసి ఇచ్చాను. పేపరు మీద తన పేరు చూసి ఆవిడ కూర్చుండిపోయింది. "అడగడానికి నోరు రాలేదు అన్నయ్యగారూ. ఆ జాకెట్టు సంగతి గుర్తుంది, కానీ ఏమని అడగను?" అంది. జాకెట్టును ఒడిలో పెట్టుకుని చాలాసేపు ఆ చేతి కుట్లు వేళ్ళతో తడిమింది. తరవాత, "దీన్ని మనమే పూర్తి చేద్దాం. పక్క కుట్లు మీరు వెయ్యండి, హుక్కులు నేను కుడతాను" అంది.

ముందు ఆరు దిండు గలీబులు, రెండు సంచులు కుట్టి చెయ్యి తిప్పుకోమంది.

అక్టోబరు 29

నిన్న రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. సాయంత్రం నుంచే మా వీధిలో కరెంటు లేదు. గాలికి ఎదురింటి కొబ్బరి మట్టలు మా డాబా మీద పడుతున్నాయి. ఫోను చార్జింగ్ అయిపోవచ్చింది. ఇలాంటి రాత్రులు ఒంటరిగా ఉండడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

మిషనుకు కరెంటు అక్కర్లేదు కదా. చార్జింగ్ లైటు సూది పక్కన పెట్టుకుని నాలుగో గలీబు మొదలుపెట్టాను. బయట గాలి, లోపల మిషను చప్పుడు. చిన్నప్పుడు అమ్మాయి ఈ చప్పుడు ఆగితే లేచి ఏడ్చేది. పదకొండింటికి ఆరో గలీబు పూర్తయింది. దిండుకు తొడిగి దాని మీదే పడుకున్నాను.

పొద్దున్న డాబా మీద ఊడ్చడానికి రెండు గంటలు పట్టింది. గలీబుల్లో మొదటి మూడిటికీ మూలలు గుండ్రంగా వచ్చాయి. చివరి మూడిటికీ మూల కోణంలా నిలిచింది.

నవంబరు 5

కార్తీక పౌర్ణమి. జాకెట్టు నిన్న పూర్తయింది.

పక్క కుట్లు వెయ్యబోతే ఒక సమస్య. పుస్తకంలో రాసిన ఛాతీ కొలత 36. ఈ రెండేళ్ళలో పక్కింటి ఆవిడ కాస్త ఒళ్ళు చేసింది, ఇప్పుడు 38. ఇంక పనికిరాదేమో అనుకుని పక్క అంచులు తిప్పి చూశాను. సుద్ద గీతకు అవతల నాలుగు అంచుల్లోనూ తలా ఒక అంగుళం బట్ట వదిలిపెట్టి ఉంది. ఒక్కో అంచుకు అర అంగుళం చొప్పున బయటికి తీసుకుంటే సరిగ్గా రెండంగుళాలు కలిసొచ్చింది. ఇంకా రెండంగుళాలు లోపల మిగిలే ఉంది. మా ఆవిడ గీసిన గీత పక్కనే అర అంగుళం జరిపి నేను గీత గీశాను. ముప్ఫై మూడేళ్ళలో ఎన్నో డ్రాయింగుల మీద ఎన్నో సవరణలు చేశాను, ఏ గీతకూ నా చెయ్యి ఇంత నెమ్మదిగా కదల్లేదు.

ఈ తెల్లవారుజామున కోటిలింగాల రేవులో దీపాలు వదలడానికి ఆవిడ ఆ జాకెట్టు వేసుకునే వచ్చింది. చలికి పైన శాలువా కప్పుకుంది. అరటిదొప్ప నీళ్ళలో పెట్టడానికి వంగినప్పుడు శాలువా జారి, దీపం వెలుతురులో ఆకుపచ్చ చెయ్యి కనిపించింది. నేను మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. వచ్చేటప్పుడు అందరం బండి దగ్గర వేడి వేడి ఇడ్లీ తిన్నాం.

నవంబరు 23

లంగాకు బట్ట ఏదని పదిహేను రోజులుగా ఆలోచన. కొత్త పట్టు కొందామని తాడితోటలో రెండుసార్లు తిరిగాను. నిన్న బీరువా తెరిచి మా ఆవిడ మంగళగిరి చీర తీశాను. పసుపు రంగు, నిజాం అంచు, సన్నటి జరీ. తీశాను గానీ కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు. అమ్మాయికి ఫోను చేశాను. "అమ్మయితే నువ్వు అడిగేలోపే కోసేసేది నాన్నా" అంది. ఆ మాట నిజం.

గ్రాఫ్ కాగితం మీద ప్లాను గీశాను. నడుము 21, పట్టీ ఒకదాని మీద ఒకటి రావడానికి ఒక అంగుళం, మొత్తం 22. బయటికి ఒక అంగుళం కనిపించే కుచ్చిలికి మూడంగుళాల బట్ట పడుతుంది. 22 కుచ్చిళ్ళకు 66, అతుకు కుట్టుకు ఒకటి, వెరసి 67 అంగుళాలు. పొడుగు 24. పైన పట్టీలోకి అర అంగుళం. కింద చీర అంచే ఉంది కాబట్టి మడిచి కుట్టక్కర్లేదు. ఇంక మడతలు. అంగుళం లోతు మడతకు రెండంగుళాల బట్ట పోతుంది.

రెండు మడతలు చాలన్నది పక్కింటి ఆవిడ. చీర పన్నా 46 అంగుళాలుంది. నేను మూడింటికి లెక్క వేసి 30న్నర దగ్గర కోశాను.

డిసెంబరు 14

కుచ్చిళ్ళు అన్నీ పిన్నులు గుచ్చి, ఒక్కొక్కటీ స్కేలు పెట్టి సరిచూసి, పట్టీకి కుట్టాను. కొలిస్తే నడుము 22 రాలేదు, ఇరవైన్నరే వచ్చింది. లెక్క మూడుసార్లు చేశాను. లెక్క తప్పలేదు.

తరవాత అర్థమైంది. డ్రాయింగులో గీతకు మందం లేదు. బట్ట మడిచిన ప్రతిచోటా దాని మందం కొంచెం తింటుంది. నూలు పోగంత అయినా 22 చోట్ల తింటే అంగుళంన్నర పోయింది. పట్టీ సగం విప్పి, ఆరు కుచ్చిళ్ళను పావు అంగుళం చొప్పున వదులు చేసి మళ్ళీ కుట్టాను. బ్లేడుతో పాత కుట్టు విప్పుతుంటే ఒక చోట బట్ట పోగు లేచింది. మడతలోకి వెళ్ళిపోతుంది, కనబడదు. కానీ అది ఎక్కడుందో నాకు తెలుసు.

భోజనం మూడింటికి. ఒక గ్లాసు బియ్యం కుక్కరులో పెట్టి, కందిపొడి, నెయ్యి, నిన్నటి దోసకాయ పప్పు. పని చేసి వచ్చి కూర్చున్నప్పుడు ఒక్కడి అన్నం కూడా రుచిగానే ఉంటుంది.

జనవరి 9, 2026

వీధంతా ముగ్గులు. అమ్మాయి వాళ్ళు భోగికి ముందు రోజు దిగుతారు.

మడతలు ఆఖరున వేశాను. కొలతల పుస్తకంలో మనవరాలి పేజీ ముందే చూసి పెట్టుకున్నాను. "నడుము 19, పొడుగు 18, మడతలు 2. పెద్ద కుట్టు వెయ్యాలి. చివర ముడి వద్దు" అని ఉంది. మామూలు కుట్టు అంగుళానికి పది పన్నెండు పడతాయి, విప్పాలంటే బ్లేడు కావాలి. కుట్టు పెద్దదైతే, ముడి లేకపోతే, దారం కొస పట్టుకుని లాగితే చాలు, బట్టకు గీత పడకుండా మడత జారుతుంది. కుట్టు పొడుగు మీటను చివరిదాకా దించి, మూడు మడతలూ నెమ్మదిగా తొక్కాను. ప్రతి మడత చివరా ఒక అంగుళం దారం లోపలి వైపుకు వదిలాను.

ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించాను. మిగిలిన చీర ముక్కతో చిన్న సంచి అయింది, గొబ్బెమ్మల పూలు తెచ్చుకోవడానికి పనికొస్తుంది. మిషను తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, సూది కింద గుడ్డ ముక్క పెట్టి పాదం దించాను.

తరవాత కొలతల పుస్తకం తీసి, అదే పేజీలో, మా ఆవిడ రాసిన వరస కింద రాశాను: నడుము 21, పొడుగు 24, మడతలు 3.